అతివేగానికి ఒకరికి చలాన్, ఇంకొకరికి మందలింపు: పోలీసులు దేన్ని బట్టి నిర్ణయిస్తారు?

ప్రశ్న: కూకట్‌పల్లి ట్రావెల్స్

అందరికీ నమస్కారం. నేను కూకట్‌పల్లిలో ఒక చిన్న ట్రావెల్స్ నడుపుతున్నాను. మా కార్లు ఎక్కువగా శంషాబాద్ విమానాశ్రయానికీ, గచ్చిబౌలి వైపు ఆఫీసులకూ తిరుగుతుంటాయి. ఇటీవల మా దగ్గర పనిచేసే ఇద్దరు డ్రైవర్ల మధ్య మొదలైన వాదన చివరకు నా బల్ల దగ్గరకు వచ్చి ఆగింది. దానికి సరైన జవాబు తోచక, తెలిసినవాళ్లు ఉంటారన్న ఆశతో ఇక్కడ అడుగుతున్నాను.

మొదటి డ్రైవర్ ఔటర్ రింగ్ రోడ్డు మీద విమానాశ్రయం వైపు వెళుతున్నప్పుడు బండిని ఎవరూ ఆపలేదు, ఎవరూ పలకరించలేదు. ఆ తరువాత అతివేగం కింద చలాన్ పడినట్టు ఫొటోతో సహా నా ఫోన్‌కు సమాచారం వచ్చింది. రెండో డ్రైవర్‌ను మాత్రం నగరంలోనే ఒక కూడలి దాటగానే ట్రాఫిక్ పోలీసు చెయ్యెత్తి ఆపి, లైసెన్స్ చూసి, "వెనక పిల్లలతో కుటుంబం కూర్చుని ఉంటే ఇంత స్పీడా?" అని నాలుగు మాటలని పంపించేశారు. ఇప్పుడు మొదటి అతను, "వాడికి చెప్పుకునే అవకాశం ఇచ్చారు, నన్ను అసలు ఆపనే లేదు, మరి ఆ డబ్బు నా బత్తాలోంచి ఎలా కోస్తారు?" అని నిలదీస్తున్నాడు. అతని మాటలో న్యాయం లేదని నేను అనలేకపోతున్నాను.

నేను తెలుసుకోవాలనుకుంటున్నది ఇదే. ఎవరికి చలాన్ రాయాలి, ఎవరిని మందలించి వదలాలి అన్నది పోలీసు అధికారి దేన్ని బట్టి నిర్ణయిస్తారు? దానికి రాసిపెట్టిన నియమం ఏదైనా ఉందా, లేక ఆ అధికారి ఆ పూట మనఃస్థితిని బట్టి ఉంటుందా? అమెరికాలో ఉన్న మా బావగారు అక్కడ కాగితం మీద రాసిచ్చే హెచ్చరిక కూడా ఉంటుందని చెబుతుంటారు. మనకు అలాంటిది ఎందుకు లేదు?

జవాబు: విశ్రాంత ట్రాఫిక్ ఉద్యోగి

కూకట్‌పల్లి ట్రావెల్స్ గారూ, నేను ట్రాఫిక్ విభాగంలో చాలాకాలం పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. మీ డ్రైవర్లిద్దరూ ఒకే తప్పుకు రెండు రకాల తీర్పులు వచ్చాయని అనుకుంటున్నారు. నా అనుభవం ప్రకారం అక్కడ జరిగినవి ఒకదానితో ఒకటి పోల్చదగిన పనులే కావు.

ముందు రెండో అతని సంగతి చూద్దాం. కూడలి దగ్గర చెయ్యెత్తి ఆపిన అధికారి చేతిలో స్పీడ్ గన్ ఉందా అని అతన్ని అడగండి. లేదనే చెబుతాడని నా ఊహ. మోటారు వాహనాల చట్టంలో అతివేగానికి సంబంధించిన 183వ సెక్షన్‌లో మూడో ఉపవిభాగం ఒకటుంది. ఒక్క సాక్షి తన అభిప్రాయం ప్రకారం బండి ఇంత వేగంతో వెళ్లిందని చెప్పినంత మాత్రాన ఎవరినీ దోషిగా తేల్చడానికి వీల్లేదనీ, ఆ అభిప్రాయానికి ఏదో ఒక యాంత్రిక లేదా ఎలక్ట్రానిక్ పరికరం తీసిన లెక్క ఆధారంగా ఉండాలనీ అది చెబుతుంది. అంటే ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న సబ్ ఇన్‌స్పెక్టర్ కంటితో చూసి ఇది 80కి పైనే వస్తోందని కచ్చితంగా గ్రహించినా, ఆ గ్రహింపు ఒక్కటే కోర్టులో నిలవదు. అలాంటప్పుడు ఆయన ముందు రెండు దారులుంటాయి. బండి నడిపిన తీరు నిజంగా ప్రమాదకరంగా ఉంటే 184వ సెక్షన్ కింద, అంటే ప్రమాదకరమైన డ్రైవింగ్ కింద రాయవచ్చు; కాని అది జైలు శిక్షకు కూడా అవకాశం ఉన్న బరువైన సెక్షన్, ఊరికే వాడకూడదు. లేదా గట్టిగా నాలుగు మాటలు చెప్పి పంపవచ్చు. మీ డ్రైవర్ బతిమాలుకుని బయటపడ్డానని అనుకుంటున్నాడేమో గాని, రోడ్డు పక్క దొరికే మందలింపుల్లో చాలా వాటి వెనక ఉన్నది ఆధారం చేతిలో లేకపోవడమే. దాన్ని దయగా చెప్పుకోవడం ఇరుపక్షాలకూ బాగుంటుంది కాబట్టి ఎవరూ సరిదిద్దరు.

ఇక మొదటి అతని సంగతి. ఔటర్ మీద 2023లో గరిష్ఠ వేగాన్ని గంటకు 100 కిలోమీటర్ల నుంచి 120కి పెంచారు. ఆ వేగంతో వస్తున్న బండిని చెయ్యెత్తి ఆపడమంటే ఆపే మనిషికీ, ఆగే బండికీ, వెనక వచ్చేవాళ్లకూ ప్రాణాంతకం. అందుకే అక్కడ ఆపరు. లేజర్ గన్‌ను మూడు కాళ్ల స్టాండు మీద నిలబెట్టి, చూపుగాజులో కనిపించే గురి గుర్తును వస్తున్న కారు నంబర్ ప్లేటు మీదకు తెస్తారు. మీట నొక్కిన క్షణానికి వేగం, బండి ఎంత దూరంలో ఉంది, అక్కడి పరిమితి ఎంత, తేదీ, సమయం అన్నీ ఫొటో మీదకే ఎక్కుతాయి. మరో సంగతి చాలామందికి తెలియదు. గన్‌ను రోడ్డుకు ఎదురుగా కాక కాస్త పక్కన పెట్టి గురి చూస్తే, కోణం కారణంగా వేగం అసలు కంటే తక్కువ నమోదవుతుంది గాని ఎక్కువ నమోదు కాదు. పైగా కార్లలోని స్పీడోమీటర్లను అసలు వేగం కంటే తక్కువ చూపకుండా ఉండేలా తయారుచేస్తారు కాబట్టి, అవి సాధారణంగా కాస్త ఎక్కువే చూపుతాయి. కనుక చలాన్ మీద 128 అని ఉంటే, ఆ సమయంలో డ్రైవర్ కళ్ల ముందు కనిపించిన అంకె ఇంకా పెద్దదే అయి ఉండాలి.

అయితే గన్ దగ్గర మనిషి నిర్ణయమే లేదా అంటే, ఉంది. అది బండి రాకముందే జరిగిపోతుంది. పరిమితి ఎంత దాటితే ఫొటో తీయాలో పరికరంలో ముందే పెట్టుకోవచ్చు. ఇంగ్లండ్‌లో పోలీసు ఉన్నతాధికారుల మార్గదర్శకం ప్రకారం పరిమితి మీద పది శాతం, దానిపైన మరో రెండు మైళ్లు కలిపి, అంతకు మించితేనే సాధారణంగా చర్య మొదలవుతుంది. 30 మైళ్ల రోడ్డు మీద 35 దగ్గర అన్నమాట. ఎక్కడైనా సరే, పరిమితికీ గన్‌లో పెట్టిన అంకెకూ మధ్య ఉన్న ఆ కాస్త జాగాలోనే హెచ్చరిక అంతా ఇమిడిపోతుంది. ఆ జాగాలో వెళ్లినవాడికి తనను వదిలేశారని కూడా తెలియదు. గన్ ఎక్కడ నిలబెట్టాలన్నది రెండో నిర్ణయం. ప్రమాదాలు జరిగే మలుపు దగ్గర నిలబెడితే ఒక అర్థం, ఖాళీగా దిగువకు జారే రోడ్డు చివర నిలబెడితే వేరే అర్థం. ఈ రెండో రకం గురించి ప్రజలకు కోపం ఉంటే ఆ కోపాన్ని నేను తప్పు పట్టను.

పరికరం చేతిలో ఉండి, బండిని ఆపగలిగిన చోట మాత్రమే మీరడిగిన ప్రశ్న అసలు ప్రశ్న అవుతుంది. అక్కడ నేను చూసిన క్రమం చెబుతాను. వేగం అంకె కంటే ముందు స్థలం గుర్తుకొస్తుంది. బడి వదిలే వేళ, ఆసుపత్రి గేటు, కాలనీ రోడ్డు అయితే కొద్ది తేడాను కూడా వదలబుద్ధి కాదు. ఆ తరువాత, వేగంతో పాటు ఇంకేం ఉంది అన్నది చూస్తారు: చేతిలో ఫోన్, పెట్టుకోని సీటు బెల్టు, అటూ ఇటూ కోసుకుంటూ రావడం. ఆ తరువాత ట్యాబ్‌లో బండి నంబర్ కొడతారు. పాత చలాన్లు బారుగా కనిపిస్తే ఇతనికి ఇంతకుముందు చెప్పిన మాటలేవీ ఎక్కలేదని అధికారి అనుకోవడం సహజం. చివరగా డ్రైవర్ మాట తీరు. అందరూ మొదట చెప్పేది దీన్నే గాని, నిజానికి ఇది ఆఖరిది. మర్యాదగా మాట్లాడినందుకు పెద్ద వేగం చిన్నదైపోదు. సగం వదిలేద్దామనుకుంటున్న అధికారిని రాసేలా చేసే శక్తి మాత్రం దురుసు మాటకు ఉంది. మన నగరంలో ఒక ప్రత్యేకమైన అలవాటుంది: బండి ఆగగానే ఫోన్ తీసి "సార్, ఒక్కసారి మా అన్నతో మాట్లాడండి" అని చేతికివ్వబోవడం. ఆ ఫోన్ అందుకుని వదిలేస్తే పక్కనున్న కానిస్టేబుళ్ల ముందు ఆ అధికారి తలెత్తుకోలేడు. అందువల్ల వదలాలనుకున్నవాణ్ణి కూడా రాయాల్సి వస్తుంది.

జవాబు: ఎయిర్‌పోర్ట్ లైన్ డ్రైవర్

పెద్దాయన చెప్పినదాంట్లో ఒక్క విషయం కలుపుతాను. చలాన్ డ్రైవర్‌కు పడుతుంది గాని, వేగం డ్రైవర్ ఒక్కడిదే కాదు. ఫ్లైటు సమయానికి మనిషి ఇంట్లోంచి ఆలస్యంగా బయటకు వస్తారు, లిఫ్టు దగ్గర మరో పది నిమిషాలు పోతాయి, కార్లో కూర్చున్న దగ్గర్నుంచి "కొంచెం తొందరగా పోనివ్వండి" అంటూనే ఉంటారు. గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఔటర్ మీద దూరం పాతిక కిలోమీటర్లు అనుకుంటే, 120తో పోయినా 140తో పోయినా మిగిలేది రెండు నిమిషాల లోపే. ఇది లెక్క వేసి చూపించినా వెనక సీట్లో ఉన్నవారు ఒప్పుకోరు, రేటింగ్ తగ్గిస్తారు. కాబట్టి యజమానిగారు బత్తా కోసే ముందు ఆ ట్రిప్పు ఎన్ని గంటలకు ఇచ్చారో, మనిషి ఎన్ని గంటలకు ఎక్కారో కూడా చూడాలని నా మనవి.

జవాబు: టాంపా తెలుగువాడు

నేను ఫ్లోరిడాలో ఉంటాను, మాది దిల్‌సుఖ్‌నగర్. ప్రశ్న అడిగినవారి బావగారు చెప్పింది నిజమే, ఇక్కడ నోటిమాట హెచ్చరికతో పాటు కాగితం మీద రాసిచ్చే హెచ్చరిక కూడా ఉంటుంది. దానికి డబ్బు కట్టనక్కర్లేదు, ఇన్సూరెన్స్ ప్రీమియం పెరగదు, లైసెన్స్ మీద పాయింట్లు పడవు. కాని చాలాచోట్ల ఆ హెచ్చరిక పోలీసు శాఖ రికార్డులో ఉంటుంది కాబట్టి, కొద్దిరోజులకే మళ్లీ అదే రోడ్డు మీద దొరికితే తెరమీద అది కనిపిస్తుంది. ఇక్కడి తెలుగువాళ్లకు ఈ తేడా జరిమానా కంటే ఇన్సూరెన్స్ వల్లే ఎక్కువ తెలుస్తుంది. టికెట్ డబ్బు ఒకసారి కట్టేస్తే పోతుంది, ప్రీమియం మాత్రం ఏళ్ల తరబడి వెంటపడుతుంది.

అయితే ఇక్కడ అంతా అధికారి ఇష్టమే అనుకోవడం కూడా సరికాదు. ఫ్లోరిడా చట్టంలోనే మెట్లున్నాయి. పరిమితిని అయిదు మైళ్ల లోపు దాటితే హెచ్చరికే తప్ప జరిమానా లేదు. ఆరు నుంచి తొమ్మిది మైళ్ల దాకా మూల జరిమానా 25 డాలర్లు, పది దగ్గరకు రాగానే అది ఒక్కసారిగా 100 డాలర్లకు పెరుగుతుంది. కోర్టు ఖర్చులు దీనికి అదనం. బడి దగ్గర అయితే రెట్టింపు. ఈ మెట్టు వల్ల ఒక విచిత్రం బయటపడింది. ఇక్కడి హైవే పెట్రోల్ రాసిన టికెట్లను పరిశోధకులు పరిశీలించినప్పుడు, సరిగ్గా తొమ్మిది మైళ్లు ఎక్కువ అని రాసినవి కుప్పలుగా కనిపించాయి. డ్రైవర్లందరూ కూడబలుక్కుని తొమ్మిది మైళ్లే దాటరు కదా. అసలు వేగం ఎక్కువే ఉన్నా, అధికారి జాలిపడి అంకెను మెట్టు కిందకు దించి రాస్తున్నారని దాని అర్థం. టికెట్టుకూ హెచ్చరికకూ మధ్య ఇలాంటి మూడో దారి ఉందని నేను ఇక్కడికి వచ్చాకే తెలుసుకున్నాను. అయితే ఆ పరిశోధనలో బయటపడ్డ చేదు నిజం మరొకటుంది: అంకె తగ్గించి రాసే ఆ ఉదారత తెల్లవారికి దొరికినంతగా నల్లజాతివారికీ హిస్పానిక్‌లకూ దొరకలేదు, ఆ తేడా కొందరు అధికారుల దగ్గరే ఎక్కువగా ఉంది. విచక్షణ ఉన్నచోట ఇది కూడా ఉంటుందని మరిచిపోకూడదు.

మసాచుసెట్స్‌లో 2001 నాటి టికెట్ల మీద జరిగిన మరో అధ్యయనం ఇంకా సూటిగా ఉంటుంది. ఆ రాష్ట్రంలో జరిమానా రాయాలా, హెచ్చరించాలా అన్నది చట్టమే అధికారికి వదిలేసింది. వేరే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు స్థానికుల కంటే ఎక్కువగా జరిమానాలు పడ్డాయనీ, పన్ను పెంచుకోవడానికి ప్రజలు ఒప్పుకోక డబ్బుకు ఇబ్బందిపడుతున్న ఊళ్లలో ఆ ధోరణి ఇంకా పెరిగిందనీ అందులో తేలింది. పొరుగూరివాడు స్థానిక ఎన్నికల్లో ఓటు వేయడు, కోర్టులో వాదించుకోవడానికి మళ్లీ అంతదూరం రాడు.

తప్పు బరువును చట్టమే పెంచేసిన సందర్భాలూ ఉన్నాయి. వర్జీనియాలో గంటకు 85 మైళ్లు దాటినా, పరిమితి కంటే 20 మైళ్లు ఎక్కువ వెళ్లినా అది మామూలు టికెట్ కాదు, నిర్లక్ష్యపు డ్రైవింగ్ అనే నేరం. అక్కడికి కొత్తగా చదువుకోవడానికి వచ్చే పిల్లలు ఇది తెలియక లాయర్ల చుట్టూ తిరగడం చూశాను.

చివరగా మనవాళ్లకు ఒక మాట. హైదరాబాద్‌లో పోలీసు ఆపితే బండి దిగి వారి దగ్గరకు నడిచి వెళ్లడం మర్యాద. అమెరికాలో అలా తలుపు తీసుకుని దిగితే అధికారి దాన్ని బెదిరింపుగా తీసుకునే ప్రమాదం ఉంది. ఇంజిన్ ఆపి, చేతులు స్టీరింగ్ మీద కనిపించేలా ఉంచి, కాగితాలు అడిగాకే "తీసుకుంటున్నాను" అని చెప్పి తీయాలి. తల్లిదండ్రులు చూడడానికి వచ్చి కారు నడిపేటప్పుడు పిల్లలు మొదట చెప్పాల్సింది ఇదే. ఇక్కడి పోలీసులు చాలామంది, టికెట్టా హెచ్చరికా అన్నది తమ కారు దిగకముందే దాదాపు అనుకుంటామని చెబుతారు. కిటికీ దగ్గర మాట్లాడే రెండు నిమిషాలు ఆ నిర్ణయాన్ని ఏ కాస్తో అటూ ఇటూ జరుపుతాయంతే.

జవాబు: నాంపల్లి న్యాయవాది

చట్టం వైపు నుంచి కొన్ని విషయాలు చెబుతాను. 183వ సెక్షన్‌లో హెచ్చరిక అన్న మాట లేదు. 2019 సవరణ తరువాత తేలికపాటి వాహనాలకు అతివేగం జరిమానా వెయ్యి నుంచి రెండు వేల రూపాయలు, మధ్యరకం, భారీ వాహనాలకు రెండు వేల నుంచి నాలుగు వేలు అని కేంద్ర చట్టంలో ఉంది. అయితే మనం రోడ్డు మీద కట్టేది చాలావరకు కోర్టు వేసిన జరిమానా కాదు. 200వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించిన మొత్తం కట్టి రాజీ చేసుకునే రుసుము అది. తెలంగాణ 2019 నాటి పెంపును అప్పట్లో అమలుకు తీసుకోకుండా, ఉమ్మడి రాష్ట్రంలో 2011 ఆగస్టులో వచ్చిన 108వ జీవో రేట్లతోనే కొనసాగింది. నగరవాసులకు చాలాకాలం అతివేగం చలాన్ అంటే 1,035 రూపాయలుగా గుర్తుండిపోవడానికి కారణం అదే: వెయ్యి రుసుము, 35 యూజర్ ఛార్జీ.

కెమెరాతో వేసే చలాన్లకు 136ఎ సెక్షన్, దాని కింద 2021 ఆగస్టులో వచ్చిన 167ఎ నియమం వర్తిస్తాయి. ఆ నియమాల ప్రకారం పరికరానికి ఆమోద ధ్రువీకరణ ఉండాలి, దాన్ని ఏటా పునరుద్ధరించాలి. కెమెరా నిఘా ఉన్న దారిలో ఆ సంగతి తెలిపే బోర్డులు వాహనదారులకు కనిపించేలా పెట్టాలి. నోటీసు నేరం జరిగిన 15 రోజుల్లోగా పంపాలి. అందులో నంబర్ ప్లేటు స్పష్టంగా కనిపించే ఫొటో, పరికరం కొలిచిన వేగం, తేదీ, సమయం, స్థలం, ఏ నిబంధనను ఉల్లంఘించారన్న వివరం, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సంబంధించిన ధ్రువపత్రం ఉండాలి. ఆ బోర్డు ఉంటే, అదే మీకు చట్టం ఇచ్చిన హెచ్చరిక అనుకోండి. రోడ్డు మీద అధికారి చెప్పే హెచ్చరిక తప్పు జరిగిన తరువాత వస్తుంది, బోర్డు ముందే వస్తుంది.

పైన విశ్రాంత ఉద్యోగిగారు గన్‌లో పెట్టిన అంకె దగ్గర సడలింపు ఉందన్నారు. మన దగ్గర సడలింపు ఇంకో చోట కూడా ఉంది, అది నాకు అంతగా నచ్చదు. 2022 మార్చిలో పెండింగ్ చలాన్లు తీర్చుకోవడానికి ద్విచక్ర వాహనాలకు 75 శాతం, కార్లకు 50 శాతం రాయితీ ఇచ్చారు. 2023 డిసెంబరు చివరలో మళ్లీ ద్విచక్ర వాహనాలకు 80 శాతం, కార్లకు 60 శాతం తగ్గించారు. వేగాన్ని కొలిచే చోట మనిషిని తీసేసి, వసూలు చేసే చోట ఉదారంగా ఉండడమంటే సకాలంలో కట్టినవాడు మొత్తం కట్టినట్టు, మొండికేసినవాడు సగమో ఇంకా తక్కువో కట్టినట్టు అవుతుంది. అధికారి రోడ్డు మీద వదిలేసినప్పుడు ఎవరిని, ఎందుకు వదిలాడన్న కారణమైనా ఉంటుంది. రాయితీకి ఆ కారణం కూడా లేదు, బడి ముందు దూసుకుపోయినవాడికీ ఖాళీ రోడ్డు మీద కాస్త దాటినవాడికీ ఒకే శాతం.

యజమాని విషయానికి వస్తే, చలాన్ బండి నంబర్ మీద వస్తుంది కాబట్టి నోటీసు మీకే చేరుతుంది. ఆ సమయంలో బండి నడిపిందెవరని పోలీసులు అడిగితే పేరు, లైసెన్స్ వివరాలు చెప్పాల్సిన బాధ్యత 133వ సెక్షన్ యజమాని మీద పెట్టింది. అందుకోసమైనా ట్రిప్ షీట్లు జాగ్రత్తగా ఉంచుకోవాలి. అతివేగం కేసులో లైసెన్స్‌ను తీసుకుని రద్దు లేదా సస్పెన్షన్ కోసం లైసెన్సింగ్ అధికారికి పంపే అధికారం 206వ సెక్షన్ కింద పోలీసుకు ఉంది. లైసెన్సే బతుకుతెరువైన డ్రైవర్‌కు వెయ్యి రూపాయల కంటే భయపెట్టాల్సింది ఇదే.

ప్రశ్న అడిగినవారు: కూకట్‌పల్లి ట్రావెల్స్

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. రెండో డ్రైవర్‌ను పిలిచి అడిగాను. ఆపిన అధికారి చేతిలో గన్ లేదనీ, కూడలిలో పసుపు దీపం పడ్డాక కూడా తను వేగం తగ్గించకుండా దాటడం చూసి ఆపారనీ చెప్పాడు. మొదటి అతని చలాన్ ఫొటో తెరిచి చూశాం. బండి మాదే, నంబర్ స్పష్టంగా ఉంది. ట్రిప్ షీట్‌తో సరిపోల్చితే, పైన డ్రైవర్ సోదరుడు అనుమానించినట్టే ప్రయాణికుడు చాలా ఆలస్యంగా ఎక్కినట్టు తేలింది. అందువల్ల చలాన్‌లో సగం ట్రావెల్స్ తరఫున నేనే కడుతున్నాను, మిగతా సగం అతను కట్టడానికి ఒప్పుకున్నాడు. ఇకపై విమానాశ్రయం ట్రిప్పులకు బుకింగ్ సమయంలోనే బయలుదేరాల్సిన సమయం రాసి ప్రయాణికుడికి పంపాలని అనుకుంటున్నాం.

ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. ఫొటోలో నంబర్ మాదే అయినా బండి మాది కాకపోతే ఏం చేయాలి? అలాగే, రోడ్డు మీద ఆపినప్పుడు మా డ్రైవర్లకు ఏం చెప్పమని నేర్పాలి?

జవాబు: నాంపల్లి న్యాయవాది

మొదటి సందేహానికి: నంబర్ ప్లేట్లు నకిలీవి తగిలించుకుని తిరిగే బండ్లు ఉన్నాయి కాబట్టి అలా జరగడం అసాధ్యం కాదు. ఫొటోలో కారు మోడల్, రంగు, మీ బండి మీద ఉన్న స్టిక్కర్లు, గీతలు సరిపోల్చండి. తేడా ఉంటే డబ్బు కట్టకుండా, ముందు మీ బండి ఫొటోలు, ఆర్సీ, ఆ సమయంలో అది వేరేచోట ఉన్నట్టు చూపే ట్రిప్ షీట్, టోల్ చెల్లింపు వివరాలు జతచేసి ట్రాఫిక్ పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి. కట్టేశాక వాదించడం కష్టం, రాజీ రుసుము కట్టడమంటే ఆ నేరం మీదేనని ఒప్పుకున్నట్టే చూస్తారు.

జవాబు: విశ్రాంత ట్రాఫిక్ ఉద్యోగి

పసుపు దీపం సంగతి చెప్పారు కాబట్టి ఆ మందలింపు ఎందుకు వచ్చిందో ఇప్పుడు మీకే తెలిసింది. ఎరుపు పడ్డాక దాటి ఉంటే ఆ అధికారి రాసేవాడే, దానికి గన్ అక్కర్లేదు.

రెండో సందేహానికి నా జవాబు చిన్నదే. ఎడమ పక్కకు తీసి ఆపమనండి, వెనక వచ్చేవాళ్లకు అడ్డంగా నడిరోడ్డు మీద నిలపొద్దని చెప్పండి. ఇంజిన్ ఆపి, అడిగిన కాగితం అడిగినప్పుడు చూపించాలి. డిజిలాకర్‌లో ఉన్నా చెల్లుతుంది. ఎందుకు ఆపారో అధికారిని చెప్పనివ్వాలి, చెప్పకముందే తప్పు ఒప్పుకోవడమూ వద్దు, లేదని వాదించడమూ వద్దు. ఎంత వేగం నమోదైందని మర్యాదగా అడిగే హక్కు ఉంది, గన్ ఉంటే చూపిస్తారు కూడా. కారణం ఏదైనా ఉంటే, ఆసుపత్రికి తీసుకెళుతున్నారనుకోండి, ఒక్క వాక్యంలో చెబితే చాలు. నిజమైన కారణాన్ని మావాళ్లు ముఖం చూసే గుర్తుపడతారు, పదిసార్లు చెప్పాల్సిన పనిలేదు. చలాన్ రాస్తే రాయనిచ్చి, అభ్యంతరం ఉంటే తరువాత వేసుకోవచ్చు. మీ నంబర్‌కు ఫోన్ చేసి అధికారి చేతికివ్వడానికి మాత్రం ఎవరూ ప్రయత్నించొద్దని గట్టిగా చెప్పండి.